కొకైన్ మానేసి నెలలైనా తమ్ముడికి దేనిమీదా మనసు లేదు, మెదడులో ఏం జరుగుతోంది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. పేరు చెప్పను, వీధికి వీధి తెలిసిన ఊరు ఇది. మా తమ్ముడు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి కొన్నాళ్లు గోవాలో, తర్వాత హైదరాబాద్‌లో ఈవెంట్లు చేసే ఒక కంపెనీలో పనిచేశాడు. జీతం బాగానే వచ్చేది కానీ ఇంటికి రూపాయి వచ్చేది కాదు, అడిగితే అద్దెలు మండిపోతున్నాయి అనేవాడు. చివరికి బయటపడింది కొకైన్. మా వైపు గంజాయి అంటే అందరికీ తెలుసు, కోరాపుట్, మల్కన్‌గిరి పేర్లు ఆ వార్తల్లో వస్తూనే ఉంటాయి, సారా సంగతి చెప్పనే అక్కర్లేదు. కొకైన్ మాత్రం మా నాన్నగారి లెక్కలో సినిమావాళ్ల రోగం, మన ఇంటికి ఎలా వచ్చిందని ఆయన ఇప్పటికీ నమ్మలేకపోతున్నారు.

మత్తు మాన్పించే సెంటర్‌లో ఉండి వచ్చాడు. ఇప్పుడు మూడో నెల నడుస్తోంది. మళ్లీ ముట్టుకోలేదనే నా నమ్మకం. మొదట్లో తినడం, పడుకోవడం, అంతే. తర్వాత కాస్త తేరుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు, బజారుకెళ్లి కూరగాయలు తెచ్చాడు, హమ్మయ్య అనుకున్నాం. ఇప్పుడు చూస్తే ఏదీ పట్టదు. ప్రాణంగా తినే చేపల పులుసు పెట్టినా ఏదో తినాలి కాబట్టి తింటాడు. క్రికెట్ పెట్టుకుని చివరి ఓవర్లలో లేచి వెళ్లిపోతాడు. రాత్రి రెండింటికి మేడ మీద నడుస్తూ ఉంటాడు. మొన్న అడిగితే "బాధగా ఏం లేదక్కా, ఏదీ బాగోదు అంతే" అన్నాడు. అమ్మ దిష్టి తీయించింది. నాన్నగారు ఇదంతా సోమరితనం, పనిలో పడితే అదే కుదురుతుంది, మళ్లీ హైదరాబాద్ పంపేద్దాం అంటున్నారు. పాత కంపెనీవాళ్లు రమ్మంటున్నారట కూడా.

నాకు తెలియాల్సింది ఇదీ. మెదడులో ఆసక్తి, హుషారు కలిగించే డోపమైన్ అనే రసాయనం అయిపోయిందా, అయిపోతే మళ్లీ ఎన్నాళ్లకు వస్తుంది? మందుల షాపతను డోపమైన్ పెంచే క్యాప్సూల్స్ అని ఒక డబ్బా చూపించాడు, ధర చూసి ఆగిపోయాను. వాట్సాప్‌లో ఎవరో మెదడు స్కాన్ బొమ్మ పంపారు, మామూలు మనిషిది ఎర్రగా మెరుస్తోంది, మానేసిన నెలకు మసకగా ఉంది, 14 నెలలకు మళ్లీ ఎర్రబడింది. అది నిజమైతే ఇంకో ఏడాది ఓపిక పడతాం. తిట్టేవాళ్లు దయచేసి రాయకండి, ఆ పనికి మా ఇంట్లోనే మనుషులున్నారు.

బరంపురం_బాబు:

అమ్మా, మీ నాన్నగారి మాటే కరెక్ట్. పొలంలోకి దింపండి, ఒళ్లు వంచి చెమట పడితే డోపమైన్ గీపమైన్ అన్నీ వాటంతటవే వస్తాయి. ఊరికే కూర్చోబెట్టి తిండి పెడితే ఎవరికైనా ఏదీ బాగోదు.

రుషికుల్య (ఛత్రపురం):

బాబు గారూ, చెమట పట్టడం మంచిదే, వ్యాయామం మేమూ చెబుతాం. కానీ ఆ అబ్బాయి పడుతున్న అవస్థ సోమరితనం కాదు. నేను మానసిక వైద్య విభాగంలో కౌన్సెలర్‌ని. ఇక్కడ మాకు వచ్చేది ఎక్కువగా మద్యం, గంజాయి, దగ్గు సిరప్‌లు, కొకైన్ కేసు ఎప్పుడో గానీ రాదు. 2019లో విడుదలైన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో కొకైన్ వాడేది 0.10 శాతమే. అందుకే మన దగ్గర ఇంట్లోవాళ్లకీ, ఒక్కోసారి చిన్న సెంటర్లవాళ్లకీ కూడా దీని తీరు తెలియదు, తాగుడు మానిన మనిషితో పోల్చి చూసి ఇంకా ఎందుకు కోలుకోలేదని కంగారు పడతారు.

అమ్మా, డోపమైన్ అయిపోయింది అన్నది సగమే నిజం. మెదడులో ఒక నాడీకణం డోపమైన్ వదులుతుంది, అది పక్క కణం మీద దాన్ని అందుకోవడానికి ఉన్న రిసెప్టర్లకు తగులుతుంది, పని అవగానే వదిలిన కణమే ట్రాన్స్‌పోర్టర్ అనే దాని ద్వారా వెనక్కి లాక్కుంటుంది. కొకైన్ వెళ్లి ఆ ట్రాన్స్‌పోర్టర్‌కు అడ్డం పడుతుంది. దాంతో డోపమైన్ అక్కడే నిలిచిపోయి రిసెప్టర్లను కొడుతూనే ఉంటుంది. మెదడులోని మరో రెండు రసాయనాలు సెరటోనిన్‌కూ, నారడ్రినలిన్‌కూ అదే అడ్డు, గుండె దడ, బీపీ పెరగడం అందులోంచే వస్తాయి. రోజూ ఇంత మోత ఉంటే మెదడు తనను తాను కాపాడుకుంటుంది కదా. జాతరలో మైకు కట్టిన స్తంభం పక్కింటివాళ్లు తలుపులు కిటికీలు మూసుకుంటారు చూడండి, అలా డీ2 అనే రకం రిసెప్టర్లు తగ్గిపోతాయి. జాతర అయిపోయి మైకు తీసేశాక కూడా ఆ కిటికీలు చాలాకాలం మూసే ఉంటాయి, ఇక చేపల పులుసు మాట లోపలికి ఏం వినిపిస్తుంది?

ఇది ఊహ కాదు. అమెరికాలో నోరా వోల్కో అనే మెదడు పరిశోధకురాలి బృందం, మెదడు లోపలి పనిని చూపే పెట్ స్కాన్‌లతో దీన్ని చూసింది. 1993లో వచ్చిన వాళ్ల పరిశోధనలో, మానేసి మూడు నాలుగు నెలలైనా డీ2 రిసెప్టర్లు తక్కువగానే కనిపించాయి, అవి తక్కువగా ఉన్నవాళ్లలో నుదుటి వెనక ఉన్న మెదడు భాగం కూడా మందకొడిగా పనిచేస్తోంది. ఆగు, ఆలోచించు అని మనల్ని పట్టి ఉంచేది ఆ భాగమే. 1997లో ఇంకోటి చేశారు. మిథైల్‌ఫెనిడేట్ అనే మందు ఎక్కించి ఎంత డోపమైన్ విడుదలవుతుందో కొలిస్తే, కొకైన్ మానినవాళ్లలో మామూలువాళ్లకన్నా బాగా తక్కువ వచ్చింది. అంటే వినే చెవులూ తగ్గాయి, పలికే గొంతూ తగ్గింది. దీనికి తోడు డైనార్ఫిన్ అని మెదడులోనే తయారయ్యే మరో పదార్థం ఉంది, కొకైన్ ఎక్కువకాలం వాడితే అది పెరుగుతుంది, డోపమైన్ విడుదలను అణచిపెడుతుంది, మనిషికి ఒక రకమైన వెలితి, చిరాకు తెస్తుంది. మీ తమ్ముడు "బాధ లేదు, బాగోదు" అన్నాడే, అంత కచ్చితంగా చెప్పగలగడం కూడా గొప్పే.

ఇక ఆ వాట్సాప్ బొమ్మ. మీరు చెప్పిన తీరు చూస్తే అది కొకైన్‌ది కాదు, మెథాంఫెటమిన్ (మెత్) అనే వేరే మత్తుమందుది. అదీ వోల్కోవాళ్లదే, 2001 నాటిది. అందులో ఏడాది పైగా మానినవాళ్లలో ట్రాన్స్‌పోర్టర్లు చాలావరకు తిరిగి వచ్చాయి, కానీ జ్ఞాపకశక్తి, కదలికల పరీక్షల్లో అంత మెరుగు కనబడలేదు, ఆ సంగతి ఫార్వర్డ్ చేసేవాళ్లు రాయరు. మెత్ నాడీకణం లోపలికే దూరి దాని కొసలను దెబ్బతీస్తుంది, కొకైన్ బయటినుంచి అడ్డుపడుతుంది, కాబట్టి మెత్ లెక్కను కొకైన్‌కు వేసి 14 నెలలని గోడమీద రాసిపెట్టుకోకండి. కొకైన్ మానినవాళ్ల మీద చేసిన వేరే ఎమ్మారై అధ్యయనాల్లో, ఆరు నెలలు చికిత్సలో నిలబడ్డవాళ్లకు నుదుటి వెనక భాగంలో నాడీకణాలుండే బూడిదరంగు పదార్థం కొంత పెరగడం చూశారు. కోలుకోవడం ఉంది. ఒక్కో భాగం ఒక్కో వేగంతో వస్తుంది, తేదీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

క్యాప్సూల్స్ కొనకండి. అలాంటి డబ్బాల్లో మామూలుగా టైరోసిన్ గానీ దూలగొండి గింజల పొడి గానీ ఉంటుంది. దూలగొండిలో, మెదడులో డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఉన్న మాట నిజం, పార్కిన్‌సన్స్ రోగులకు ఇచ్చేదీ అదే. కొకైన్ మానినవాళ్లకు కూడా ఇచ్చి చూశారు, ఒంటిగా ఇస్తే చెప్పుకోదగ్గ లాభం రాలేదు. అసలు కొకైన్ వ్యసనానికంటూ అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఇప్పటిదాకా ఒక్క మందునూ ఆమోదించలేదు. అక్కడ దొరకనిది మన మందుల షాపులో దొరుకుతుందా చెప్పండి. డిప్రెషన్ నిజంగా ఉంటే దానికి మందులున్నాయి, అది వేరే విషయం, సైకియాట్రిస్ట్ చూసి తేల్చాలి.

కిన్వట్_మామ:

డోపమైన్ ఫాస్టింగ్ చేయించండి, ఫోన్ లాగేసుకుని నెల రోజులు ఉప్పూకారం లేని తిండి పెడితే రిసెప్టర్లు ఫ్రెష్ అవుతాయి. యూట్యూబ్‌లో ఉంది.

రుషికుల్య (ఛత్రపురం):

మామగారూ, అసలే ఏదీ బాగోదంటున్న పిల్లాడికి ఉన్న నాలుగు రుచులూ తీసేస్తే ఎలా అండీ?

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):

అక్కా, నేను డాక్టర్‌ని కాదు, వాడినవాణ్ని. ముంబైలో ఉన్నప్పుడు అలవాటైంది, మానేసి కొన్నేళ్లయింది, ఇప్పుడు గడ్చిరోలి జిల్లాలో మా ఊళ్లోనే ఉంటున్నా. పైన రుషికుల్య గారు చెప్పిన సైన్సు అప్పట్లో నాకెవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే నన్ను నేను అంత తిట్టుకునేవాణ్ని కాదేమో. నేను చెడిపోయాను, నా లోపల మనిషి చచ్చిపోయాడు, ఇక జీవితాంతం ఇంతే అనుకునేవాణ్ని. అందరూ క్రేవింగ్ గురించి భయపెడతారు గానీ నన్ను మళ్లీ దానివైపు నెట్టింది యావ కన్నా ఈ చప్పదనమే ఎక్కువ. ఒక్కసారి వేస్తే కనీసం ఏదో ఒకటి అనిపిస్తుంది కదా అని.

మొదట తిరిగి వచ్చింది సంతోషం కాదక్కా, కోపం. మా బావతో క్యారమ్ ఆడుతుంటే వాడు దొంగాట ఆడాడు, నాకు ఒళ్లు మండి బోర్డు తిప్పేశా. ఇంట్లో అందరూ అయ్యో మళ్లీ మొదలైందా అని బెంబేలెత్తారు. నాకు మాత్రం ఆశ్చర్యం, ఆటలో ఓడిపోవడం నాకు పట్టింది! అన్నాళ్లూ గెలిచినా ఓడినా ఒకటే. తర్వాత ఆకలి వచ్చింది, పాట వింటే కాలు ఆడించడం వచ్చింది, మళ్లీ కొన్ని వారాలు అన్నీ పోయాయి, మళ్లీ వచ్చాయి. కాబట్టి మీ తమ్ముడు చిన్న చిన్న విషయాలకు విసుక్కుంటే వెంటనే భయపడిపోకండి.

హైదరాబాద్ మాత్రం ఇప్పుడే వద్దు. నేను నాలుగో నెలలోనో ఐదో నెలలోనో బాగానే ఉన్నాననుకుని ముంబై వెళ్లా, ఏదో సామాను తెచ్చుకుందామని. లోకల్‌లో దిగి ఆ గల్లీ మలుపు తిరిగానో లేదో నోట్లో ఆ చేదు, ముక్కులో ఆ మొద్దుతనం, చేతులు చెమటలు. నెలల తరబడి తలపుకు రానిది ఒక్క మలుపులో వచ్చేసింది. ఆ రాత్రి జారిపోయా.

ఇంకోటి, మందు. మా జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది, కానీ గోదావరి వంతెన దాటితే అటువైపు తెలంగాణలో కావలసినంత. బీర్ కదా ఏముందిలే అని తాగేవాణ్ని, రెండో గ్లాసు అయ్యేసరికి వేలు పాత నంబర్ దగ్గరికి పోయేది. చివరికి దాన్ని కూడా వదిలాకే ఇది వదిలింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ఇద్దరికీ చాలా థాంక్స్. సిరొంచ తమ్ముడూ, మీరు రాసింది మా వాడికి చూపించాను, రెండుసార్లు చదివాడు, క్యారమ్ దగ్గర కాస్త నవ్వాడు కూడా.

నాన్నగారిని ఒప్పించడమే కష్టంగా ఉంది. వాడు ముందుకన్నా బాగానే కనిపిస్తున్నాడు, నాకిప్పుడు ఆ ఆలోచన రావట్లేదు అని వాడే అంటున్నాడు, ఇక భయం దేనికి అంటారు ఆయన. పైగా వచ్చే నెల మా పెదనాన్నగారి ఇంట్లో పెళ్లి, పాతపట్నంలో. అక్కడ మగవాళ్లందరూ కూర్చుంటారు, కొకైన్ మానాడు గానీ ఒక పెగ్గుకేం అని మా మావయ్యే అనేశాడు. ఇంకో భయం, ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందని అమ్మ ఏడుస్తోంది. మళ్లీ చూపించాలంటే ఎక్కడికి వెళ్లాలి?

రుషికుల్య (ఛత్రపురం):

ఆలోచన రావట్లేదు అని అతను చెప్పేది అబద్ధం కాదమ్మా, కానీ దాన్నిబట్టి నిర్ణయం తీసుకోకూడదు. కొకైన్ అలవాటు చేసిన ఎలుకల్లో 2001లో ఒక వింత చూశారు. మానిపించాక రోజులు గడిచేకొద్దీ, కొకైన్‌ను గుర్తుచేసే శబ్దం, వెలుగు ఎదురైతే వాటి వెతుకులాట తగ్గకపోగా పెరిగింది, రెండు నెలల వరకూ. మనుషుల్లో 2016లో మెదడు తరంగాలు కొలిచి చూశారు. నీకు ఎంత కావాలనిపిస్తోందని నోటితో అడిగితే మానినకాలం పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. కానీ కొకైన్ బొమ్మలు చూపించినప్పుడు మెదడు స్పందన మానేసిన ఒక నెల నుంచి ఆరు నెలల మధ్యవాళ్లలో మొదటి రోజుల్లో ఉన్నవాళ్లకన్నా ఎక్కువగా ఉంది, ఏడాది అయినవాళ్లలో తగ్గింది. సిరొంచ తమ్ముడు ముంబై గల్లీలో పడ్డది సరిగ్గా ఈ గుంటలోనే. మీ నాన్నగారికి ఇదొక్కటి చెప్పండి. మీవాడిప్పుడు మూడో నెలలో ఉన్నాడు, పైకి బాగా కనబడే ఈ నెలలే పాత ఊరికి, పాత స్నేహితుల మధ్యకు పంపకూడని నెలలు. ఊళ్లోనే లేదా కొత్తచోట ఏదైనా పని దొరికితే వద్దనను, పని మంచిదే.

నిద్ర గురించి కూడా. కొకైన్ మానినవాళ్లు నిద్ర బాగుపడిందని చెబుతున్నా, ల్యాబ్‌లో పడుకోబెట్టి కొలిస్తే మొదటి వారాల్లో నిద్ర నిజానికి ఇంకా తగ్గుతూ పోవడం యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు చూశారు. మీవాడు మేడ మీద తిరుగుతున్నాడంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, నిద్రమాత్రలు సొంతంగా వేయొద్దు, అది ఇంకో అలవాటవుతుంది. రోజూ ఒకే టైముకి లేపడం, సాయంత్రం తర్వాత టీ కాఫీలు మాన్పించడం ఇంట్లో చేయగలిగినవి.

పెళ్లికి వెళ్లనివ్వండి, భోజనం చేసి మీతోనే తిరిగి రావాలి. మావయ్యగారికి ఈ మాట చెప్పండి. కొకైన్, మద్యం రెండూ ఒకేసారి ఒంట్లో ఉంటే కాలేయం కోకాఇథిలీన్ అనే కొత్త పదార్థం చేస్తుంది, అది కొకైన్ కన్నా ఎక్కువసేపు ఉంటుంది, గుండెకు ఎక్కువ ప్రమాదం. ఆ ఒక్క పెగ్గు ఊరికే పోదు, మళ్లీ కొకైన్‌కు దారి తీయొచ్చు. ఇన్నాళ్లు కొకైన్ వాడినవాడు కాబట్టి ఈసారి ఒక ఈసీజీ కూడా తీయించండి.

పోలీసు భయం వద్దు. చికిత్సకు వెళ్లినంత మాత్రాన కేసు పెట్టరు. మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది, చిన్న పరిమాణం కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు కూడా స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్లి పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. అలాంటప్పుడు కేసే లేని మీకు భయమెందుకు?

ఎక్కడికంటే, మీకు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది, భాష సులువు కావాలనుకుంటే విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. వెళ్లినచోట మాటలతో చేసే చికిత్స ఎంత ఉందో అడగండి, కొకైన్ విషయంలో ఇప్పటిదాకా బాగా పనిచేసినవి అవే. పరీక్షలో కొకైన్ లేదని తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి ఒకటుంది, వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ అన్నిటికన్నా మంచి ఫలితాలు దానికే వచ్చాయి. ఇంట్లోనూ చేయొచ్చు, చేతికి డబ్బు మాత్రం ఇవ్వొద్దు.

ఒక్కటి దాచకుండా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనని భయపడకండి, పుట్టదు. అవునంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు తీసుకెళ్లండి.

బరంపురం_బాబు:

ఇంత ఉందని తెలియదండీ. ఊళ్లో పని అన్నారు కదా, మా తోడల్లుడికి పర్లాకిమిడిలోనే క్యాటరింగ్ ఉంది, వంట వచ్చిన కుర్రాడైతే పనికొస్తాడు. కానీ పెళ్లిళ్ల పని, అక్కడా మందు ఉంటుంది మరి, మీరే ఆలోచించుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

నిన్న రాత్రి అడిగానండీ. లేదన్నాడు, మొదట్లో ఒకసారి అనిపించిందట, ఇప్పుడు లేదట. నాకు చెప్పనందుకు కోప్పడబోయి ఆగాను. సోమవారం గుణుపూర్ నుంచి వచ్చే రైలెక్కి విశాఖ వెళ్తున్నాం. బాబు గారూ, క్యాటరింగ్ సంగతి డాక్టర్‌ని అడిగి చెబుతాను. సెంటర్ నుంచి ఏ కాగితాలు తీసుకెళ్లాలి?

రుషికుల్య (ఛత్రపురం):

డిశ్చార్జ్ కాగితం, అక్కడ ఇచ్చిన మందుల చీటీ, చేసి ఉంటే రక్తం, మూత్రం పరీక్షల రిపోర్టులు, ఇద్దరి ఆధార్. ఓపీ చీటీ పొద్దున్నే తీసుకోవాలి, కాబట్టి వీలైతే ముందు రోజే చేరుకోండి. డాక్టర్‌తో అతన్ని ఒక్కణ్నే కాసేపు మాట్లాడనివ్వండి, మీరు బయట కూర్చోండి.